పెరటి ఉల్లికి నారు మేలా, చిన్నగడ్డలు మేలా?

పెరట్లో ఉల్లి వేసుకోవడానికి మూడు దారులున్నాయి. విత్తనం నేరుగా మడిలో విత్తుకోవచ్చు. నారు పోసి నాటుకోవచ్చు. కిందటి పంటలో పెరగనివ్వకుండా ఎండబెట్టి దాచిన చిన్నగడ్డలు పాతుకోవచ్చు. ఎలా వేసినా ఉల్లి పండుతుంది. పండిన గడ్డ నాలుగైదు నెలలు కుళ్ళకుండా, మొలకెత్తకుండా ఉండాలంటే మాత్రం ఈ మూడూ ఒకటి కాదు. నిలవ కోసమైతే నారే మేలని నా అభిప్రాయం. ఉల్లికాడలు కావాలన్నా, పంట తొందరగా చేతికి రావాలన్నా చిన్నగడ్డలు మంచివి.

చిన్నగడ్డలతో ఉన్న సుఖం కాదనలేం. నారుమడి పని లేదు, మొలుస్తుందో లేదో అన్న బెంగ లేదు. ముక్కు పైకి ఉండేలా మట్టిలోకి నొక్కితే చాలు, కొద్ది రోజుల్లో పచ్చకాడ కనిపిస్తుంది. విత్తనంతో వేసిన పంటకన్నా ముందే కోతకొస్తుంది. చిక్కల్లా పూకాడతోనే. ఉల్లి రెండేళ్ళ మొక్క: మొదట గడ్డ కడుతుంది, ఆ తర్వాత పూస్తుంది. చిన్నగడ్డ అప్పటికే మొదటి దశ దాటేసింది. నాటాక కొన్ని వారాలు చలి తగిలిందంటే, ఊరే పని వదిలేసి పూకాడ వేస్తుంది. గడ్డ ఎంత పెద్దదైతే ఆ ముప్పు అంత ఎక్కువ. అందుకే 2 సెంటీమీటర్ల లోపు మందం ఉన్నవాటినే నాటడానికి ఏరుకోవాలి, అంతకన్నా పెద్దవాటిని కాడల కోసం వాడుకోవాలి.

పూకాడ వచ్చిన గడ్డను అడ్డంగా కోసి చూస్తే నడిమధ్యలో గట్టి కాడ కనబడుతుంది. పైన విరిచేసినా లోపలి భాగం పోదు. పైగా విరిచినచోట బోలుగా ఉండి, వాన నీళ్ళు నేరుగా గడ్డ నడుమకి దిగుతాయి. అలాంటి గడ్డ ఎంత ఆరబెట్టినా నిలవుండదు. చిన్నగడ్డల వెంట పాత నేలలోని తెగులు కూడా రావచ్చు. వాటిలో దొరికే రకాలూ తక్కువే.

నారుకి ఓపిక కావాలి, అంతకన్నా ముందు కొత్త విత్తనం కావాలి. ఉల్లి విత్తనం ఏడాది, మహా అయితే రెండేళ్ళు దాటితే మొలక బాగా పడిపోతుంది. సెంటీమీటరు లోతున విత్తి తేమ ఆరకుండా చూస్తే వారం, పది రోజుల్లో మొలుస్తుంది. ఆ మొలక చూడముచ్చటగా ఉంటుంది: నడిమికి మడిచిన దారంలా వంగి పైకొచ్చి, రెండు మూడు రోజుల్లో నిటారుగా లేచి, కొసన నల్లటి విత్తనపు పెంకును మోస్తూ నిలబడుతుంది. మడిలో నీళ్ళు నిలిస్తే ఈ దశలోనే నారుకుళ్ళు పట్టి, మొదళ్ళు మెత్తబడి పడిపోతాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలకి నారు పెన్సిల్ మందానికి వస్తుంది. అప్పుడు 10 సెంటీమీటర్ల ఎడంతో, వేర్లు కప్పబడేంత లోతులోనే నాటాలి. లోతుగా పాతితే గడ్డ సరిగా ఊరదు.

నేరుగా విత్తడం నేను ఎవరికీ చెప్పను. ఉల్లి ఆకు సన్నగా, నిటారుగా ఉంటుంది, నేలకి నీడ పట్టదు. అందుకని మొదటి రెండు నెలలూ కలుపుదే పైచేయి. నారు నాటితే శుభ్రం చేసిన మడిలోకి ఎదిగిన మొక్కే వెళ్తుంది.

ఎలా వేసినా, రకం తప్పితే అంతా వృథా. ఉల్లి గడ్డ కట్టడం మొదలుపెట్టేది ప్రధానంగా పగటి పొడవును బట్టి. 10 నుంచి 12 గంటల పగలు చాలిన రకాలున్నాయి, 14 గంటలు దాటితేగాని కదలని రకాలూ ఉన్నాయి. పగళ్ళు పొట్టిగా ఉండే చోట రెండో జాతి వేస్తే కాడలే తప్ప గడ్డ రాదు. పగళ్ళు బాగా పొడవుండే చోట మొదటిది వేస్తే మొక్క ఎదగకముందే చిట్టిగడ్డ కట్టేస్తుంది. ఒక్కో ఆకు మొదలు ఉబ్బి గడ్డలో ఒక్కో పొర అవుతుంది కాబట్టి, ఆ సమయానికి మొక్కకి ఎన్ని ఆకులుంటే గడ్డకి అంత బలం. నారు ముందుగా పోసుకోవడం అందుకే లాభం.

గడ్డ ఊరడం మొదలయ్యాక నత్రజని ఎరువు ఆపేయాలి. ఆపకపోతే ఆకు పెరుగుతూనే ఉంటుంది, మెడ, అంటే కాడలు గడ్డని కలిసే చోటు, లావై మూసుకోదు. కోతకి పది, పదిహేను రోజుల ముందు నీళ్ళూ ఆపాలి. సగానికి పైగా కాడలు వాటంతటవే వాలితే కోతకొచ్చినట్టు. కాడల్ని చేత్తో వంచేయడమా, వాలేదాకా ఆగడమా అంటే, ఆగడమే మంచిది. పచ్చి మెడ వంచితే నలిగి, అక్కణ్ణుంచే కుళ్ళు మొదలవుతుంది. అన్నీ వాలాక కూడా నేలలోనే ఉంచితే పైపొర పగులుతుంది, తడి తగిలితే మళ్ళీ వేర్లు వేస్తుంది.

ఆరబెట్టడం ఎండలోనా, నీడలోనా? ఎండ బాగా కాసే చోట నీడే మేలు. మండే ఎండకి గడ్డ ఒకవైపు ఉడికినట్టు మెత్తబడుతుంది. గాలి ఆడే నీడలో ఒకే వరుసగా పరిచి, కాడలు కోయకుండా రెండు మూడు వారాలు ఉంచాలి. మెడను వేళ్ళ మధ్య పట్టి నలపండి. లోపల జారుడుగా అనిపిస్తే ఇంకా ఆరలేదు. గలగలలాడే పొరలు తప్ప ఏమీ తగలకపోతే, 2 సెంటీమీటర్లు వదిలి కాడ కోసేయొచ్చు.

ఇక నిలవ. ఫ్రిజ్ చల్లగా ఉంటుంది కదా అని అందులో పెట్టేవాళ్ళు చాలామంది. ఉల్లి నిద్రపోయేది 0 డిగ్రీల దగ్గర పొడి గాలిలో, లేదా 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనంలో. మధ్యలో ఉన్న చల్లదనమే దాన్ని మొలకెత్తిస్తుంది. ఇంటి ఫ్రిజ్ 0కి కాస్త పైన ఉండి, లోపల తేమ కూడా పట్టి ఉంటుంది, గడ్డ మెత్తబడుతుంది. గాలాడే గదిలో వెచ్చగా ఉంటే తూకం కొంత తగ్గుతుందేగాని మొలక రాదు. జడలా అల్లి వేలాడదీయడం బాగుంటుంది, ప్రతి గడ్డా కంటికి కనిపిస్తుంది. కాకపోతే కాడలు పూర్తిగా పెళుసెక్కక ముందే అల్లాలి. అంత తీరిక లేకపోతే వల సంచిలో కొద్దికొద్దిగా పోసి వేలాడదీయండి, నేను ఎక్కువగా చేసేదీ అదే. మూతి కట్టిన గోనె సంచి, ప్లాస్టిక్ డబ్బా పనికిరావు. బంగాళాదుంపల పక్కన కూడా పెట్టకండి, వాటి తేమ వీటికి చెరుపు.

దాచే ముందే వేరు చేసుకోవాలి. పూకాడ వేసినవి, మెడ లావుగా ఉన్నవి, దెబ్బ తగిలినవి, రెండుగా చీలినవి ముందు వాడేయాలి. ఘాటు తక్కువ రకాలు, నీరు ఎక్కువున్న బాగా పెద్ద గడ్డలు ఆ తర్వాత. మెడ సన్నగా మూసుకుని, పొర గట్టిగా అంటుకున్న ఘాటు గడ్డల్ని చివరికి ఉంచుకోండి. వారానికోసారి సంచి చేతుల్లోకి తీసుకుని, మెత్తబడిన గడ్డ ఉందేమో నొక్కి చూడండి. ఒకటి దొరికితే దాన్ని ఆనుకుని ఉన్నవాటిని కూడా బయటికి తీసి ముందుగా వాడేయండి.