జాగ్రత్త: వరంగల్‌లో పాత 45 రికార్డుల మీద దొంగ లేబుళ్ళు అంటించి అమ్ముతున్నారు

వరంగల్, హనుమకొండ, కాజీపేటలో పాత ఇంగ్లిష్ పాప్ సింగిల్స్ కొంటున్న అన్నలు, అక్కలు జర ఆగి ఇది చదవండి. 60ల, 70ల నాటి 7 అంగుళాల రికార్డుల (నిమిషానికి 45 చుట్లు తిరుగుతాయి కాబట్టి 45లు అంటారు) మీద కొత్తగా అచ్చేసిన లేబుళ్ళు అంటించి అమ్ముతున్నారు. నాకు అంటగట్టినవి అలాంటివే. పైన పార్లోఫోన్ అనే రికార్డు కంపెనీ గుర్తు, బీటిల్స్ పేరు. ఆ కాగితం కింద ఉన్నది ఎక్కడైనా దొరికే హిందీ సినిమా ఈపీ (పక్కకు ఒకటికి మించి పాటలుండే చిన్న రికార్డు).

అమ్మినతని పేరు, నంబరు ఇక్కడ పెట్టను. ఫిర్యాదు ఇచ్చాను, దాని సంగతి అక్కడ తేలుతుంది. మోసం ఎట్లా జరుగుతోందో మాత్రం మొత్తం చెప్తాను. నావి తీసిన డబ్బాలోని మిగతా రికార్డులు ఇంకా అమ్మకానికి తిరుగుతున్నాయి.

అతను చెప్పే కథ మన ప్రాంతం గురించి బాగా తెలిసినవాడు అల్లింది. కాజీపేట పెద్ద రైల్వే జంక్షన్. అక్కడి రైల్వే క్వార్టర్లలో ఒకప్పుడు ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి, వాళ్ళ ఇళ్ళలో ఇంగ్లిష్ పాటలు మోగేవి. "డ్రైవర్ సాబ్ ఇంట్లకెల్లి వచ్చినయి అన్నా. పిల్లలంత ఆస్ట్రేలియా పోయిన్రు. సామానంత తీసేస్తుంటే నేనే కొన్న" అని చెప్తాడు. అలాంటి ఇళ్ళ నుంచి మంచి రికార్డులు బయటికి వచ్చిన మాట నిజమే, అందుకే ఈ కథ ఎవరికైనా ఎక్కుతుంది. కానీ కథకు పైసలు కట్టొద్దు. రికార్డు ఏం చెప్తుందో అదే చూడండి.

అతని గదిలో ప్లేయర్ ఉంది, దానికి బ్లూటూత్ స్పీకర్. రికార్డు తిరుగుతుంటే పాట శుభ్రంగా వినిపించింది. ఆ పాట ఫోన్లోంచి వస్తోంది! ఇంటికి తెచ్చి నా ప్లేయర్ మీద పెడితే హిందీ యుగళగీతం మొదలైంది. కాబట్టి వినిపించేటప్పుడు స్పీకర్ తీగ నేరుగా ప్లేయర్‌కే ఉండాలని అడగండి. పాట మధ్యలో మీరే సూది ఎత్తండి. సూది లేచిన క్షణంలోనే పాట ఆగాలి. వీడియో పంపిస్తానంటే, లేబుల్, సూది రెండూ ఒకే ఫ్రేములో కనిపిస్తూ, మధ్యలో సూది ఎత్తి మళ్ళీ దించుతూ తీయమనండి. అది కుదరదన్నవాడి దగ్గర కొనకండి.

ఇప్పుడు లేబుల్ సంగతి. ఫ్యాక్టరీలో రికార్డు అచ్చేసేటప్పుడు వేడి వేడి ప్లాస్టిక్ ముద్దకు పైనొకటి కిందొకటి లేబుల్ కాగితాలు పెట్టి ప్రెస్‌లో నొక్కుతారు. ఆ వేడికి, ఒత్తిడికి కాగితం ప్లాస్టిక్‌లో కలిసిపోతుంది. జిగురు వాడరు. అందువల్ల అసలు రికార్డు మీద లేబుల్ అంచుకు గోరు తగలదు. అంటించిన దానికి అంచు తగులుతుంది, తడి తగిలితే లేస్తుంది. నా రికార్డులను తడిబట్టతో తుడిచినప్పుడే కింది లేబుల్ బయటపడింది. నడిమి చిల్లు చుట్టూ కూడా చూడండి. యాభై ఏళ్ళు ప్లేయర్ నడిమి కడ్డీ మీద పెట్టి తీసిన రికార్డుకు అక్కడ సన్నని గీతలుంటాయి. చిల్లు దగ్గర కాగితం కొత్త నోటులా ఉంటే అనుమానించాల్సిందే.

అంతకంటే గట్టి సాక్ష్యం పాట అయిపోయాక లేబుల్‌కు ముందు మిగిలే నున్నటి పట్టీలో ఉంటుంది. అక్కడ ప్లాస్టిక్‌లోనే గీసిన, లేదా ముద్ర కొట్టిన మ్యాట్రిక్స్ నంబరు, అంటే ఆ పక్క ఏ అచ్చుతో చేశారో చెప్పే నంబరు ఉంటుంది. లేబుల్ మార్చినవాడు దాన్ని మార్చలేడు. గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా కలకత్తా దమ్‌దమ్ ఫ్యాక్టరీలో చేసిన చాలా రికార్డులకు ఇదే నంబరు లేబుల్ మీద కూడా చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి రెండూ పోల్చండి. కలవకపోతే లేచి వచ్చేయండి. లేబుల్ మీద నంబరే లేకపోతే నున్న పట్టీ ఫోటో తీసుకొని, అదే రికార్డు ఉన్న మరో సేకర్తకు చూపించాకే డబ్బు ఇవ్వండి.

మ్యాట్రిక్స్ నంబర్ల జోలికి పోలేని కొత్తవాళ్ళకు ఇంకో గుర్తు ఉంది, కంటితోనే తెలుస్తుంది. పాప్ సింగిల్ అంటే పక్కకు ఒక్క పాట, సుమారు మూడు నిమిషాలు. మన సినిమా ఈపీల్లో ఎక్కువ వాటికి పక్కకు రెండేసి పాటలు. రెండు పాటల మధ్య గాడులు దూరం జరిగిన చోట ఒక సన్నని మెరిసే గీత కనిపిస్తుంది. లేబుల్ మీద ఒకే పాట రాసి ఉండి, రికార్డు మీద రెండు పాటల ఎడం కనబడిందంటే దొంగ లేబులే. నాకు వచ్చిన ప్రతి రికార్డుకూ ఆ గీత ఉంది. "అది ఇంటర్‌లూడ్ అన్నా" (పాట మధ్యలో వాయిద్యాలు మాత్రమే మోగే భాగం) అని సముదాయించాడు అమ్మినతను. ఇంటర్‌లూడ్ కోసం ఎవరూ అలా గాడులు విడదీయరు.

ఈ మోసగాళ్ళు 78ల (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు రికార్డులు) మీద కూడా పడతారు, వాటి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. బీటిల్స్ పాటలు 60ల మధ్య దాకా మన దేశంలో లక్కతో చేసిన 78 రికార్డుల మీద కూడా వచ్చాయి. అప్పటికి ఇంగ్లండ్‌లో 78లు ఆగిపోయాయి. ఇక్కడ ఇంకా చాలా ఇళ్ళలో తాళం తిప్పే గ్రామఫోన్లే ఉండడం వల్ల కొనసాగాయి. ప్రపంచమంతా సేకర్తలు వాటికోసం వెతుకుతారు, ధర బాగా పలుకుతుంది. దొంగ సరుక్కు అదే కారణం. 78 చేతికి తీసుకున్నప్పుడు బరువు చూడండి. లక్క రికార్డు బరువుగా, పెళుసుగా ఉంటుంది. వెంట్రుకవాసి పగులు ఉందేమో కాంతికి పట్టి చూడండి. అది ఉన్న చోట ప్రతి చుట్టుకూ టక్కుమంటుంది. ఎల్పీ (పెద్ద ప్లాస్టిక్ రికార్డు) సూదితో 78 వినిపించి "పాతది కదా, గరగర ఉంటది" అంటే ఒప్పుకోకండి. 78 గాడి వెడల్పుగా ఉంటుంది, దానికి మందమైన కొన ఉన్న సూది కావాలి. ఎల్పీలకు, 45లకు వాడే సూది కొన దానికంటే చాలా సన్నం. అడుగున గీసుకుంటూ పోతుంది. ఇంకొకటి, 78ని స్పిరిట్‌తోగానీ శానిటైజర్‌తోగానీ ఎప్పుడూ తుడవకండి. ఆల్కహాల్‌కు లక్క కరిగిపోతుంది, మంచి రికార్డు చేజేతులా పోతుంది.

మెరుపు గురించి కూడా ఒక మాట. కొందరు రికార్డులకు నూనె రాస్తారు. సన్నని గీతలన్నీ మూసుకుపోయి అద్దంలా తళతళలాడుతుంది. వేలి కొనకు జిడ్డు తగిలితే అది పాలిషే. ఆ జిడ్డు దుమ్మును పట్టి సూది కొనకు ముద్దగా అంటుకుంటుంది, తర్వాత పెట్టిన రికార్డులన్నీ పాడు చేస్తుంది. నూనె లేకున్నా, పాత బరువు సూదులతో వందలసార్లు వాడిన రికార్డు గాడులు బూడిదరంగుకు తిరుగుతాయి. ఎంత కడిగినా ఆ అరుగుదల పోదు. అమ్మేవాళ్ళు రాసే 'వీజీ' అన్న గ్రేడు వెరీ గుడ్ అని పలికినా, సేకర్తల లెక్కలో అది చప్పుళ్ళతో మోగే రికార్డు. మన ఎండల్లో రేకుల షెడ్లలో పెట్టినవి పళ్ళెంలా వంగి ఉంటాయి. బల్లపరుపు గాజు మీద పెట్టి అంచులు చూడండి.

కవర్లను కూడా నమ్మొద్దు. భూతద్దం పెడితే పాత ఆఫ్‌సెట్ అచ్చులో వరుసగా రంగు చుక్కలు కనబడతాయి. ఇంక్‌జెట్‌లో తీసినది చిందరవందరగా ఉంటుంది.

నిజాయితీగా అమ్మేవాళ్ళు మన దగ్గర లేకపోలేదు. పాత సామాన్ల వాళ్ళలో ఒక పెద్దాయన, గీత ఉంటే గీత ఉందని ముందే చూపించి తక్కువకే ఇస్తాడు. అలాంటివాళ్ళను ఒక దొంగ వల్ల వదులుకోవద్దు. వాళ్ళ దగ్గర కూడా టార్చి వేసి చూడండి, ఏమీ అనుకోరు.

ఇప్పటికే మోసపోయిన వాళ్ళు రికార్డులు పారేయకండి, లేబుల్ మొత్తం ఊడదీయకండి. అంచు లేచిన చోట, నున్న పట్టీ దగ్గర ఫోటోలు తీయండి. ఫోన్ మెసేజులు, యూపీఐ రసీదు దాచండి. ఆన్‌లైన్లో పైసలు పంపి మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చెప్తే ఆ డబ్బు ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ. దుకాణదారుడి మీద అయితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, జిల్లా వినియోగదారుల కమిషన్ కూడా ఉంది. అయిదు లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు. ఈమధ్య 'రైల్వే క్వార్టర్ల డబ్బా' అనే కథ విని కొన్నవాళ్ళు ఉంటే ఈరోజే మీ రికార్డుల నున్న పట్టీ మీద నంబర్లు చూసి, ఫోటోలు నాకు పంపండి. నా ఫిర్యాదుతో కలిపి ఇస్తాను.