షెల్‌కాల్ 500: ముట్లాగిన ఆడవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

మందుల షాపులో కాల్షియం బిళ్లలు అడిగితే తరచుగా చేతికొచ్చేది ఇదే. స్ట్రిప్పు వెనక చదవండి: కాల్షియం కార్బొనేట్ 1250 మి.గ్రా., విటమిన్ డి3 250 ఐ.యూ. (అంతర్జాతీయ యూనిట్లు). కార్బొనేట్‌లో అసలు కాల్షియం 40 శాతమే, అంటే 500 మి.గ్రా. పేరులోని 500 అదే. ఆ కార్బొనేట్ ఆల్చిప్పల నుంచి తీసినది కాబట్టి శాకాహార నియమం గట్టిగా పాటించేవాళ్లు ముందే తెలుసుకోవడం మంచిది.

ముట్లు ఆగాక ఈస్ట్రోజెన్ పడిపోతుంది. ఎముకను కరిగించే కణాలకు అడ్డు తొలగిపోతుంది. మొదటి ఐదారేళ్లలోనే నష్టం ఎక్కువ. వయసు పైబడేకొద్దీ పేగులు కాల్షియాన్ని సరిగా పీల్చుకోవు, ఎండలో కూర్చున్నా చర్మం మునుపటంత విటమిన్ డి తయారుచేయదు. రక్తంలో కాల్షియం తగ్గితే గుండెకే ముప్పు కనుక, పారాథైరాయిడ్ హార్మోన్ ఎముకలోంచి తీసి ఆ లోటు పూడుస్తుంది. అందుకే రక్తపరీక్షలో కాల్షియం 9.5, అంటే మామూలుగానే, వచ్చిందని ఎముకలు బాగున్నాయనుకోకండి. వాటి సంగతి చెప్పేది ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్. అందులో టి-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ల ఎముకతో పోల్చిన లెక్క) మైనస్ 2.5కి గానీ అంతకన్నా కిందికి గానీ వెళ్తే ఎముక గుల్లబారినట్టే.

ఇక రోజుకు ఎన్ని? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం ముట్లాగిన స్త్రీకి రోజుకు 1200 మి.గ్రా. కాల్షియం కావాలి. రెండు గ్లాసుల పాలు, అంటే 400 మి.లీ., సుమారు 480 ఇస్తాయి. కప్పు పెరుగు 180, జావకో సంకటికో వాడే 50 గ్రాముల రాగిపిండి మరో 180. పప్పు, కూరలతో ఇంకో వంద. ఇలా తినేవాళ్లకు ఒక్క బిళ్ల చాలు, రెండోది అనవసరం. పాలు, పెరుగు, రాగులు ఏవీ ముట్టనివాళ్లకే రెండు, అవీ వేర్వేరు పూటల్లో. ఒక్కసారి 500 దాటితే పేగులు పీల్చుకునే పాళ్లు తగ్గిపోతాయి. మన ఊరగాయల ఉప్పు కూడా లెక్కలోకి వస్తుంది: ఉప్పు ఎక్కువైతే మూత్రంలో కాల్షియం కూడా ఎక్కువ పోతుంది.

ఈ బిళ్ల దండగయ్యేది ఎక్కువగా వేళ తప్పడం వల్ల. కార్బొనేట్ కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి కాబట్టి భోజనం మధ్యలోనో, తిన్న వెంటనేనో వేసుకోవాలి. పరగడుపున వద్దు. పొద్దున్నే థైరాక్సిన్ వేసుకునేవాళ్లు నాలుగు గంటల ఎడం పాటించాలి, లేకపోతే రెండూ పేగులో అతుక్కుని థైరాయిడ్ మందు ఒంటికి పట్టదు. థైరాయిడ్ పరీక్షలో చూసే టీఎస్‌హెచ్ ఎందుకు పెరిగిందో అర్థంకాక డోసు పెంచుకుంటూ పోతారు. ఐరన్ బిళ్లకు రెండు గంటల ఎడం. వీళ్లందరికీ మధ్యాహ్న భోజనం తర్వాతి వేళ సరిపోతుంది. గ్యాస్ కోసం రోజూ ఆమ్లాన్ని తగ్గించే పాంటొప్రజోల్ వాడేవాళ్లకు ఇది సరైన బిళ్ల కాదు. డాక్టరునడిగి కాల్షియం సిట్రేట్‌కు మారాలి. దానికి ఆమ్లంతో పనిలేదు.

బిళ్ల పెద్దది, నిండు గ్లాసు నీళ్లతో మింగాలి. మలబద్ధకం, కడుపుబ్బరం కొందరికి తప్పవు. నా దృష్టిలో అసలు లోటు విటమిన్ డి. రోజుకు కనీసం 600 ఐ.యూ. కావలసినచోట 250 ఏ మూలకు? రక్తంలో డి బాగా తక్కువున్నవాళ్లకు డాక్టర్లు వేరే 60,000 ఐ.యూ. సాచెట్ రాస్తారు. అది సాధారణంగా వారానికి ఒక్కటి. పొరపాటున రోజూ తాగితే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరుగుతుంది. వాంతులు, విపరీతమైన దాహం, మతి తడబడటం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

గుల్లబారిన ఎముకకు ఈ బిళ్ల ఒక్కటే చికిత్స కాదు. అలెండ్రొనేట్ లాంటి మందు రాస్తే, అది పరగడుపున మంచినీళ్లతో వేసుకుని కనీసం అరగంట పడుకోకుండా ఉండాలి. కాల్షియం మాత్రం భోజనం వేళకే. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు డాక్టరునడక్కుండా ఈ స్ట్రిప్పు కొనకండి.