భీమిలిలో సముద్రం కనిపించని గది, అమ్మ వెతుక్కున్న కొట్టు

సముద్రం కనిపించే గది అని 600 రూపాయలు ఎక్కువ తీసుకున్నారు. కిటికీ తెరిస్తే పక్కన కడుతున్న మేడ, దాని మీద నల్లటి నీళ్ళ ట్యాంకు. బాల్కనీ మూలకి జరిగి, ఊచ పట్టుకుని మెడ సాచితే బెత్తెడు నీలం. భీమిలిలో పుట్టి పెరిగిన మా అమ్మని, 68 ఏళ్ళ మనిషిని, ఇది చూపించడానికా హైదరాబాద్ నుంచి తీసుకొచ్చాను అని ఒళ్ళు మండిపోయింది.

ప్రయాణం హాయిగానే సాగింది. విశాఖ స్టేషన్ దగ్గర 900కె బస్సు ఎక్కాం. టికెట్ మనిషికి 45 రూపాయలు. ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉన్న ఆడవాళ్ళకైతే ఉచితం. అలాంటివాళ్ళు ఆధార్ కార్డు మాత్రం చేతిలో ఉంచుకోండి, కండక్టర్ అడుగుతారు. బీచ్ రోడ్డు మీద వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోండి. రుషికొండ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు అన్నీ దాటి దిగేదాకా సముద్రం పక్కనే ఉంటుంది.

మళ్ళీ గది సంగతికొస్తాను. 3,800 గది, అమ్మాయికి అదనపు పరుపు 800, జీఎస్టీ 5 శాతం 230. ఇంతవరకు సరే. దాని కింద 'సర్వీస్ ఛార్జ్ 460' అని ఇంకో వరుస ఉంది. వేడినీళ్ళకి మూడుసార్లు ఫోన్ చేస్తే బకెట్ వచ్చింది పొద్దున్న తొమ్మిదిన్నరకి. దానికా సర్వీస్ ఛార్జ్? కిటికీ గురించి అడిగితే "సైడ్ వ్యూ కూడా సీ వ్యూ కిందకే వస్తుంది సార్" అన్నాడు కౌంటర్ కుర్రాడు. "పోనీలెద్దురూ, పిల్ల ముందు గొడవెందుకు" అని మా ఆవిడ చెయ్యి లాగింది. నేను కదల్లేదు. సర్వీస్ ఛార్జ్ బిల్లులో వాళ్ళంతట వాళ్ళు కలపకూడదని 2022 జూలైలోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది. ఆ మాట చెప్పి, 1915కి ఫోన్ చేస్తానన్నాను. మేనేజర్ వచ్చి 460 కొట్టేశాడు. సముద్రం పేరు చెప్పి తీసుకున్న 600 మాత్రం వెనక్కి రాలేదు. ఎవరైనా వెళ్తే గది చూశాకే డబ్బు కట్టండి. ఫోటో చూసి కట్టకండి.

భీమిలి చిన్న ఊరు కాదు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు వర్తకం చేసుకున్న రేవు, వాళ్ళ సమాధులు ఇంకా ఉన్నాయి. 1861లోనే మున్సిపాలిటీ అయింది. గోస్తనీ నది వచ్చి సముద్రంలో కలిసేది ఇక్కడే. నా చిన్నప్పుడు వేసవి సెలవులకి అమ్మమ్మ ఇంటికి వస్తే, గుమ్మంలో నిలబడితే చాలు, తెప్పలూ వలలూ నీళ్ళూ ఒక్కచూపులో కనిపించేవి. ఇప్పుడు ఆ వరుసలో మేడలు లేచాయి. ఇసుక మీదే కట్టిన ఓ కాంక్రీటు గోడని 2024లో హైకోర్టు ఆదేశిస్తే గానీ కూల్చలేదు. సముద్రానికి అడ్డం కట్టడం, ఆ సందులోంచి సముద్రం చూపించి డబ్బు తీసుకోవడం, రెండూ నాకు ఒకేలాంటి తప్పుగా తోచాయి.

రెండో రోజు మధ్యాహ్నం ఓ పాక హోటల్లో తిన్నాం. భోజనం 120, మూడు తీసుకున్నాం, పిల్ల మా ఆకుల్లోనే తింది. రెండు కోనెం చేప ముక్కలు 200, నెత్తళ్ళ వేపుడు 80. మొత్తం 640. పులుసు చింతపండుతో చిక్కగా, పైన నూనె తేలుతూ ఉంది. గదిలో జరిగినదానికి పొద్దుటినుంచి ముభావంగా ఉన్న అమ్మ రెండోసారి అన్నం అడిగింది. "పులుసు నిన్నటిదా అమ్మా?" అంది వడ్డించే ఆవిడతో. "అవునమ్మా, రాత్రే పెట్టినాను" అంది ఆవిడ. నిన్నటి పులుసు అయితేనే రుచి అని మా అమ్మమ్మ అనేది. తీరంలో ఇంకెక్కడ తిన్నా తినకపోయినా ఇలాంటి పాకలో ఓ పూట తినండి.

అసలు అమ్మ వచ్చింది చుట్టల కోసం. సంక్రాంతి పెద్దల పండగ కదా, పోయినవాళ్ళకి ఇష్టమైనవి వాళ్ళ పేరున పెట్టాలి. మా అమ్మమ్మ అడ్డపొగ తాగేది, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. అంగిలికి కాన్సర్ తెచ్చే అలవాటు అది, అమ్మకీ తెలుసు. అయినా పండక్కి చుట్ట లేకపోతే ఆవిడకి పెట్టినట్టు కాదని అమ్మ పట్టు. అదీ అమ్మమ్మ సరుకు తెచ్చుకున్న పాత కొట్టులో చుట్టే కావాలి.

ఆ కొట్టుకి నంబర్లు వేసిన చెక్క పలకలే తలుపులు. వల దారం, కొబ్బరి తాళ్ళు, కిరసనాయిలు, బెల్లం, చుట్టలు, అన్నీ ఒకే వాసనలో కలిసి ఉండేవి. పడవ వెళ్ళేముందు సరుకు ఖాతాలో రాయించుకునేవారు, చేప పడ్డాక తీర్చేవారు. తుఫాను రోజుల్లో పొయ్యి వెలిగిందంటే ఆ ఖాతా పుస్తకం వల్లే. ఇప్పుడు ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధానికి ప్రభుత్వం మత్స్యకారులకి 20,000 ఇస్తోంది, మంచిదే. అప్పుడు మా అమ్మమ్మకి ఆ కొట్టే దిక్కు.

కొట్టు సగమైపోయింది. ఒకవైపు గాజు తలుపులు, ఫోన్ కవర్లు, జిరాక్సు. రెండోవైపు మాత్రం ఆ పలకలే. పాతాయన కొడుకు కూర్చున్నాడు, ఆయనకీ జుట్టు నెరిసింది. అమ్మని చూసి, "ఎవురి తాలూకమ్మా మీరు?" అన్నాడు. అమ్మ తన తల్లి పేరు చెప్పింది. యాభై ఏళ్ళుగా హైదరాబాద్‌లో దాచుకున్న యాస ఒక్కసారిగా బయటికొచ్చింది.

"సుట్టలు ఉన్నాయేటి?"

"ఎవురు కాలుత్తన్నారమ్మా ఇప్పుడు. నలుగురు ముసిలోళ్ళున్నారు, ఆళ్ళ కోసం తెత్తన్నాను." సొరుగులోంచి కాగితంలో చుట్టిన కట్ట తీశాడు. మొత్తం ఇచ్చేయబోయాడు.

"వద్దు, ఆళ్ళకి తక్కువైపోతాయి" అని అమ్మ రెండే తీసుకుంది. పది రూపాయలు. నేను ఫోన్ తీసి స్కాన్ చేయబోతే ఆపి, తన చీర కొంగు ముడి విప్పి ఇచ్చింది. అవి నలగకుండా టిఫిన్ డబ్బాలో పెట్టింది. రైల్లో ఆ డబ్బా బెర్తు కింద పెట్టనివ్వలేదు, తెల్లారేదాకా ఒళ్ళోనే ఉంచుకుంది.