హిల్స్ వై/డి: పక్కన పులుసు ముక్క కూడా పెట్టకూడని పిల్లి తిండి

మా బుజ్జికి 13 ఏళ్లు. నిరుడు వేసవిలో గిన్నె నాకేసి ఇంకా కావాలని కాళ్లకు చుట్టుకునేది, అయినా చిక్కిపోయేది. 11 పౌండ్ల పిల్లి 8కి దిగింది. తెల్లవారుజామున 3 గంటలకు హాల్లో నిలబడి ఒకటే అరుపులు. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో డాక్టరమ్మకు చూపిస్తే రక్తపరీక్షలో టీ4, అంటే థైరాయిడ్ హార్మోన్, 9.2 వచ్చింది. 4 దాటకూడదట. అంటే థైరాయిడ్ ఎక్కువైంది.

ముందు థైరాయిడ్ తగ్గించే మెథిమజోల్ మాత్రలు ఇచ్చారు. రెండు వారాలకే మొహం రక్తం వచ్చేలా గోక్కుంది. కొన్ని పిల్లులకు ఆ మందు అలాగే పడదట. రేడియో అయోడిన్ (థైరాయిడ్ గడ్డను మాడ్చే రేడియేషన్ మందు) ఇంజెక్షన్ ఒక్కటి వేస్తే చాలావాటికి పూర్తిగా నయమవుతుంది, కానీ కొన్నాళ్లు ఆసుపత్రిలో విడిగా ఉంచాలి. ఖర్చు విని నోరు మూసుకున్నాను.

ఈలోగా నేనొక తెలివితక్కువ పని చేశాను. ‘థైరాయిడ్ సపోర్ట్’ అని రాసున్న చుక్కల మందు ఆన్‌లైన్‌లో తెప్పించాను. అన్నీ మూలికలే కదా, ఏమవుతుందిలే అనుకున్నా. సీసా వెనక చీమల్లాంటి అక్షరాల్లో ‘కెల్ప్’ అని ఉంది. అంటే సముద్రపు నాచు, దాన్నిండా అయోడినే! డాక్టరమ్మ సీసా చూసి, ‘ఇది పోయకు, ఇంకేదీ కలపకు’ అంది. సీసా చెత్తబుట్టలోకి పోయింది.

చివరికి హిల్స్ కంపెనీ వాళ్ల వై/డి అనే, అయోడిన్ బాగా తగ్గించిన పిల్లి తిండి మొదలుపెట్టాం. థైరాయిడ్ హార్మోన్‌కు ముడిసరుకు అయోడిన్. ఈ తిండిలో అది కిలోకు 0.3 మిల్లీగ్రాముల లోపే ఉంటుంది. సరుకు లేక ఉత్పత్తి తగ్గుతుంది, అంతే. మెడలో ఈ హార్మోన్ ఎక్కువ చేసే థైరాయిడ్ గడ్డ మాత్రం కరగదు. అందుకే ఇది తప్ప ఇంకేదీ పెట్టకూడదు, తిండి మారిస్తే కథ మళ్లీ మొదటికే.

బుజ్జి మొదట వాసన చూసి, నావైపు చూసి వెళ్లిపోయింది. పిల్లి రోజుల తరబడి పస్తుంటే లివర్ దెబ్బతింటుంది కాబట్టి నేను పట్టుబట్టలేదు. పాత తిండిలో చెంచా చెంచా కలుపుతూ 10 రోజుల్లో మార్చాను.

అసలు తలనొప్పి అమ్మతో. తెనాలి నుంచి వచ్చి 4 నెలలు ఉంది. ‘నోరులేని జీవం, ఒక్క చేప ముక్క పెడితే ఏమవుతుందే?’ అని గొడవ. సముద్రపు చేపలో అయోడిన్, పులుసులో వేసే ఉప్పులోనూ అయోడిన్. పైగా ఉల్లిపాయ పిల్లికి విషం. ఇవన్నీ చెప్పినా వినలేదు. ‘నీ థైరాయిడ్ మాత్ర మానెయ్, చూద్దాం’ అన్నాక ఆగింది. అమ్మది తక్కువ థైరాయిడ్ అనుకోండి, పిల్లిది ఎక్కువ. అయినా పని జరిగింది.

5 వారాలకు టీ4 3.4. ఇప్పుడు బరువు 9న్నర. రాత్రి అరుపులు ఆగాయి. థైరాయిడ్ జోరులో కిడ్నీ జబ్బు కనపడదట, అది తగ్గాక బయటపడొచ్చని కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష కూడా చూస్తున్నారు. ఇప్పటికైతే బాగుంది.

నా వరకు 5కి 4 స్టార్లు. బయట తిరిగి బల్లుల్ని పట్టే పిల్లయితే కొనకండి, దండగ. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే గిన్నెలు వేరే గదుల్లో పెట్టాలి. చేతిలో డబ్బుంటే ముందు ఇంజెక్షన్ సంగతి అడగండి. మా డాక్టరమ్మ కూడా మొదట చెప్పింది అదే.