ఏడో నంబరు ఎర్ర జెర్సీ: డాల్‌గ్లీష్ 1985–86 నకలుపై సమీక్ష

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ లివర్‌పూల్‌కు కెన్నీ డాల్‌గ్లీష్ 1985–86 సీజన్‌లో వేసుకున్న జెర్సీకి ఇది నకలు. పార్సిల్ విప్పి దాన్ని బల్ల మీద పరచగానే నేను ముందుగా చూసింది దాని వీపు భాగాన్ని. తెల్లటి 7 అంకె ఉంది, దాని పైన పెద్ద అక్షరాలతో డాల్‌గ్లీష్ పేరు కూడా ఉంది. అంకె ఉండవలసిందే, పేరు మాత్రం ఉండకూడదు. 1986లో ఇంగ్లండ్ లీగ్ ఆటగాళ్ల జెర్సీల వెనుక అంకెలే తప్ప పేర్లు ఉండేవి కావు. పేర్లు వేసే పద్ధతి ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్‌లో 1993–94 సీజన్‌తో వచ్చింది. పాత జెర్సీలకు నకళ్లు కుట్టి అమ్మే ఒక బ్రిటిష్ విక్రేత దగ్గర 38 పౌండ్లు పెట్టి దీన్ని తెప్పించుకున్నాను. ఆ ఒక్క సీజన్ మీది ప్రేమతోనే కొనేవారికి ఇది పట్టించుకోకుండా వదిలేయగల పొరపాటు కాదు.

ఆ సీజన్‌కు అంత విలువ ఎందుకో చెప్పాలి. గ్లాస్గోలో పుట్టి, అక్కడి సెల్టిక్ క్లబ్‌లో జాక్ స్టీన్ శిక్షణలో ఎదిగిన కెన్నీ డాల్‌గ్లీష్‌ను 1977లో లివర్‌పూల్ 4,40,000 పౌండ్లు చెల్లించి తెచ్చుకుంది. కెవిన్ కీగన్ వదిలి వెళ్లిన ఏడో నంబరు ఆయనకు దక్కింది. మరుసటి మే నెలలోనే వెంబ్లీలో బ్రూజ్ జట్టుపై యూరోపియన్ కప్ ఫైనల్‌లో ఏకైక గోల్ ఆయనే చేశారు. 1985లో, హేసెల్ స్టేడియంలో 39 మంది ప్రాణాలు పోయిన దుర్ఘటన నీడ ఇంకా తొలగని రోజుల్లో, మేనేజర్ జో ఫాగన్ తప్పుకోగా క్లబ్ ఆయన చేతికి మేనేజర్ బాధ్యతను కూడా అప్పగించింది. అప్పటికి ఆయన వయసు 34, పైగా ఆడటం ఇంకా మానలేదు. నిన్నటిదాకా పక్కన కూర్చుని బూట్లు కట్టుకున్న స్నేహితుల్లో ఎవరు ఆడాలో, ఎవరు బయట కూర్చోవాలో ఇక ఆయనే నిర్ణయించాలి. తనను తాను ఆడించుకోవాలా, పక్కన పెట్టుకోవాలా అన్నది కూడా. ఆటగాడిగా ఆయన గొప్పతనం గురించి చాలామంది చెబుతారు గానీ, ఈ రెండో పనిలో చూపిన నిగ్రహమే నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది.

1986 ఫిబ్రవరిలో సొంత మైదానంలోనే, అదే నగరపు ప్రత్యర్థి ఎవర్టన్ చేతిలో 2–0తో ఓడిన జట్టు, ఆ తర్వాతి 12 లీగ్ మ్యాచ్‌లలో 11 గెలిచి ఒకటి డ్రా చేసుకుంది. చివరిది 1986 మే 3న చెల్సీ మైదానంలో జరిగింది. జిమ్ బెగ్లిన్ గాల్లోకి ఎత్తి అందించిన బంతిని డాల్‌గ్లీష్ ఛాతీతో దించుకుని, అది నేలను తాకకముందే గోల్‌లోకి కొట్టారు. 1–0తో లీగ్ టైటిల్ లివర్‌పూల్‌దైంది. సరిగ్గా వారానికి, ఇంగ్లండ్ నాకౌట్ పోటీ అయిన ఎఫ్.ఏ. కప్ ఫైనల్‌లో ఎవర్టన్‌ను 3–1తో ఓడించి, ఒకే సీజన్‌లో రెండింటినీ క్లబ్ చరిత్రలో మొదటిసారి గెలుచుకున్నారు. ఆటగాడూ మేనేజరూ ఒకే చొక్కాలో ఉన్న మధ్యాహ్నం అది. ఈ నకలును నేను కొలిచింది ఆ మధ్యాహ్నంతోనే.

ఆ కొలతకు ముందు భాగం బాగానే నిలుస్తుంది. ఎరుపు సరైన ఎరుపు. అడిడాస్ తెల్ల చారలు కుట్టు దగ్గర వంకర పోకుండా చక్కగా కలిశాయి, స్పాన్సర్ క్రౌన్ పెయింట్స్ అక్షరాలు సమంగా కూర్చున్నాయి. ఛాతీ మీది క్లబ్ పక్షి చిహ్నాన్ని అచ్చు వేయకుండా దారంతో కుట్టారు. వేలితో తడిమితే రెక్కల గీతలు విడివిడిగా తెలుస్తాయి. గుడ్డ పాలిస్టరే అయినా ఒంటికి అంటుకోదు. కొలతలు మాత్రం బిగుతుగా ఉన్నాయి కాబట్టి ఒక సైజు పెద్దది తీసుకోవడం మంచిది. అసలు లోపం అంకెలో ఉంది: మూడో ఉతుక్కే 7 అంకె కింది కొస గోరంత మేర పైకి లేచింది. జెర్సీని తిరగేసి చల్లటి నీళ్లలో చేత్తో ఉతకడం మొదలుపెట్టాక అది అక్కడితో ఆగింది.

పెట్టెలో జెర్సీతో పాటు డాల్‌గ్లీష్ జీవితాన్ని పరిచయం చేసే నాలుగు పేజీల కరపత్రం కూడా పెట్టారు. స్కాట్లండ్ తరఫున 102 మ్యాచ్‌లు, 30 గోల్స్ అన్నది సరిగానే రాశారు. మేనేజర్‌గా మూడు లీగ్ టైటిళ్లు తెచ్చారని చెప్పి, ఒక్క వాక్యంలో 1991 రాజీనామాకు దూకడం నన్ను నిజంగా బాధపెట్టింది. మధ్యలో హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాట ఉంది. 1989 ఏప్రిల్ 15న జరిగిన ఆ దుర్ఘటన చివరికి 97 మంది అభిమానులను బలితీసుకుంది. ఆయన మృతుల అంత్యక్రియలకు వరుసగా హాజరయ్యారు, ఒకే రోజు నాలుగింటికి వెళ్లిన సందర్భం కూడా ఉంది. ఎవర్టన్‌తో 4–4గా ముగిసిన కప్ మ్యాచ్ తర్వాత రెండు రోజులకు ఆయన ఎందుకు వెళ్లిపోయారో ఆ భారాన్ని పక్కన పెట్టి అర్థం చేసుకోలేం. ఆయన తర్వాతి క్లబ్ బ్లాక్‌బర్న్ కథకూ ఒక పేరా దక్కాల్సింది. ఇంగ్లండ్ లీగ్ రెండో అంచెలో ఉన్న ఆ జట్టును ఆయన 1991లో చేపట్టి, 1995లో ప్రీమియర్ లీగ్ విజేతగా నిలిపారు. ఆ సీజన్ చివరి రోజు లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లోనే, తన పాత జట్టు చేతిలో 2–1తో ఓడి కూడా, మాంచెస్టర్ యునైటెడ్ కంటే ఒక్క పాయింటు ఎక్కువతో టైటిల్ అందుకున్నారు. అంతటి దృశ్యాన్ని వదిలేసే కరపత్రం ఉన్నా లేకపోయినా ఒకటే.

పేరు విషయం రాసి పంపితే విక్రేత రెండు రోజుల్లో జవాబిచ్చి, పొరపాటును ఒప్పుకుని, అంకె మాత్రమే ఉన్న మరో జెర్సీని పంపారు. మొదటిది తిప్పి పంపే ఖర్చు మాత్రం నేనే భరించాను. ఐదుకు మూడున్నర ఇస్తాను. కొనదలచినవారు ఆర్డరు ఇచ్చేటప్పుడే పేరు వద్దని, అంకె ఒక్కటే చాలని స్పష్టంగా రాయండి.