తరంగం పళ్ళెం మాయం కాకూడదు: వీడియో బ్యాక్‌గ్రౌండ్ తీసే ఏఐ టూల్స్‌తో మూడేళ్ళు

విజయవాడలో మా అక్క కూచిపూడి క్లాసు నడుపుతుంది. వీడియోలు తీయడం, ఎడిట్ చెయ్యడం నా పని. ప్రాక్టీసంతా మేడ మీద రేకుల షెడ్డులో. వెనక నీళ్ళ ట్యాంకు, బట్టలారేసే తీగ, ప్లాస్టిక్ కుర్చీలు. అవి పోవాలి, పిల్లలు మాత్రం మిగలాలి. వెనక గ్రీన్ మ్యాట్ కట్టి, ఎడిటింగ్‌లో ఆ ఆకుపచ్చనంతా తీసేసి చూశాం. ఆకుపచ్చ పట్టు కాస్ట్యూమ్ వేసుకున్న అమ్మాయి నడుము దగ్గర మాయమైపోయింది. నీలం గుడ్డ కడితే నీలం అంచు వాళ్ళతో అదే బాధ. నాట్యం దుస్తుల్లో లేని రంగేది? అలా ఏఐ వైపు వచ్చాను.

మొదట వాడింది ఒక ఆన్‌లైన్ సైటు. వీడియో ఎక్కిస్తే చాలు, ఇంకేమీ చెయ్యక్కర్లేదు. అక్క కూర్చుని పాఠం చెప్పే వీడియోలకి చక్కగా సరిపోయింది. ఆ ధైర్యంతో తరంగం క్లిప్పు ఇచ్చాను. పిల్ల ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి, తల మీద చెంబుతో ఆడుతోంది. తిరిగొచ్చిన వీడియోలో పళ్ళెమూ లేదు, చెంబూ లేదు. అక్క చూసి, "ఒరేయ్, పిల్ల గాల్లో తేలుతోందేంట్రా? పళ్ళెం లేకపోతే అది తరంగం ఎలా అవుతుంది?" అంది.

ఈ టూల్స్ రెండు జాతులని నాకు అప్పుడు అర్థమైంది. ఒక జాతి మనిషిని తనంతట తనే వెతికి పట్టుకుంటుంది, మనిషి కానిదాన్ని వదిలేస్తుంది. రెండోదానికి ఏది ఉంచాలో మనం చూపించాలి; చూపించినదాన్ని అది వీడియో అంతా వెంటాడుతుంది. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని మ్యాజిక్ మాస్క్, అడోబీ వాళ్ళ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోని రోటో బ్రష్, మెటా 2024లో విడుదల చేసిన శామ్ 2 అనే ఏఐ మోడల్ ఈ రెండో జాతివి. ఇప్పుడు తరంగానికి నేను వాడేది మ్యాజిక్ మాస్కే. పిల్ల మీద ఒక గీత, పళ్ళెం మీద ఒక గీత, చెంబు మీద ఒకటి. పూర్తిగా వాడాలంటే రిజాల్వ్ స్టూడియో, అంటే డబ్బు కట్టే వెర్షన్, లైసెన్సు కొనాలి. దాని ధర 295 డాలర్లు, కానీ ఒక్కసారి కడితే చాలు. నెలనెలా కట్టే సైట్లతో లెక్కేసుకుని కొన్నాను, బాధపడలేదు.

మాట్లాడే వీడియోలకి మాత్రం మొదటి జాతే మేలు. 2021లో వచ్చిన రోబస్ట్ వీడియో మ్యాటింగ్ అనే ఉచిత మోడల్‌ని నా కంప్యూటర్‌లోనే నడుపుతాను. అది ప్రతి ఫ్రేమునీ కొత్త ఫొటోలా చూడదు, ముందు ఫ్రేముల్లో చూసింది గుర్తుంచుకుంటుంది. ఈ గుణం ఎంత ముఖ్యమో రాసి చెప్పడం కష్టం. ఫొటోల కోసం చేసిన టూల్‌తో ఫ్రేము ఫ్రేమూ కోయిస్తే, ఆపి చూసినప్పుడు ప్రతి ఫ్రేమూ బాగానే ఉంటుంది. ప్లే చేస్తే అంచులు చీమలు పాకినట్టు కదులుతాయి. అందుకే స్క్రీన్‌షాట్లు చూసి ఏ టూలూ ఎంచుకోకండి. మీ దగ్గరున్న అన్నిటికంటే కష్టమైన పది సెకన్లు ఇచ్చి, ముదురు రంగు మీద ఒకసారి, లేత రంగు మీద ఒకసారి ఆడించి చూడండి.

జుట్టు సంగతి వేరే. మాస్క్ చేసే టూల్స్, అంటే ఉంచాల్సిన భాగాన్ని కత్తిరించేవి, ప్రతి చుక్కా ఉంచాలా తీసెయ్యాలా అని మాత్రమే చాలావరకు తేలుస్తాయి. ముంగురులకి అది చాలదు, సగం కనపడి సగం కనపడని అంచు కావాలి. రోటో బ్రష్‌తో పాటు ఉండే రిఫైన్ ఎడ్జ్ దీనికోసమే. పూలజడ అంచుల్లో మల్లెమొగ్గలు విడివిడిగా నిలిచింది నాకు దానితోనే.

సేవ్ చేసేటప్పుడు కూడా కొంచెం చూసుకోండి. మామూలు హెచ్.264 ఎంపీ4 ఫైల్లో ఆల్ఫా, అంటే ఎక్కడ ఖాళీగా పారదర్శకంగా ఉండాలో చెప్పే సమాచారం, ఉండదు; తీసిన బ్యాక్‌గ్రౌండ్ స్థానంలో నలుపు వచ్చి కూర్చుంటుంది. సేవ్ చేసే ఫార్మాట్‌గా ప్రోరెస్ 4444 గానీ, వీపీ9తో వెబ్‌ఎమ్ గానీ పెట్టుకోవాలి.

ఆన్‌లైన్ సైట్లు పూర్తిగా మానేయడానికి పళ్ళెం ఒక్కటే కారణం కాదు. ఇవి చిన్నపిల్లల వీడియోలు. తల్లిదండ్రులు మమ్మల్ని నమ్మి ఆడనిస్తున్నారు. ఎక్కడో సర్వర్‌లో అవి ఎన్నాళ్ళుంటాయో తెలియకుండా పంపించడం నాకు తప్పనిపించింది. ఈ విషయంలో సౌకర్యం కోసం రాజీపడను.

షూటింగ్‌లో చేసిన రెండు మార్పులు ఏ టూల్ కంటే ఎక్కువ ఫలితమిచ్చాయి. పిల్లల్ని గోడకి ఆరడుగులు ముందుకి జరిపాను. కెమెరా షట్టర్ వేగం 1/50 సెకను నుంచి 1/100కి మార్చాను. మన 50 హెర్ట్జ్ కరెంటులో 1/100 దగ్గర ట్యూబులైట్లు మిణుకుమనవు, ముద్రలు పట్టే వేళ్ళూ అంతగా చెదరవు.

ఇంకా లొంగనివి జడకుప్పెలు. పిల్ల గిర్రున తిరిగితే అవి ఎగిరి, ఒక ఫ్రేములో ఉండి మరుసటి ఫ్రేములో మాయమవుతాయి. అక్కడ ఇప్పటికీ చేత్తోనే సరిదిద్దుతాను, ముప్ఫై ఫ్రేములకి గంట పడుతుంది. జడ తెగినట్టు కనిపిస్తే అక్క ఊరుకోదు, నాకూ మనసొప్పదు.