గాంధీ రోడ్డు సందులో టీవీ షాపు: నలభై ఏళ్ళ కంప్యూటర్‌కి మెమరీ రిపేరు

ముందు అసలు విషయం చెప్పేస్తాను. మీ ఇంట్లో అటక మీద పాత కంప్యూటర్ ఏదైనా ఉండి, దాన్ని మళ్ళీ ఆన్ చేసి చూడాలనిపిస్తే, తొందరపడి ప్లగ్గులో పెట్టకండి. దొరికిన మొదటి షాపులోనూ ఇచ్చేయకండి. తిరుపతిలో గాంధీ రోడ్డు నుంచి గోవిందరాజస్వామి గుడి వైపు వెళ్ళే సందుల్లో ఒక పాత టీవీ రిపేరు షాపు ఉంది, అక్కడికి తీసుకెళ్ళండి. బోర్డు మీద పేరు ఎండకి వెలిసిపోయి చదవడానికి రాదు, ఆ సందులో ఎవరిని అడిగినా టీవీ షాపు అంటే చూపిస్తారు. షాపాయన అరవై దాటిన మనిషి, ఫోన్ నంబర్ ఎక్కడా పెట్టవద్దన్నారు, అందుకే పెట్టడం లేదు.

నాది జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ 48కె అనే చిన్న కంప్యూటర్, 48కె అంటే 48 కిలోబైట్ల మెమరీ. 1982లో ఇంగ్లండులో సింక్లెయిర్ కంపెనీ తెచ్చింది, రబ్బరు మీటలు, జెడ్80 ప్రాసెసర్, టీవీకి తగిలించి వాడుకోవాలి. మా మేనమామ 1985లో అక్కడి నుంచి వస్తూ తెచ్చాడు. చిత్తూరు కొంగారెడ్డిపల్లెలో తాతయ్య ఇంట్లో ఉండేది, సెలవులకి వెళ్ళినప్పుడు నేను మొదటి ప్రోగ్రామ్ రాసింది దాని మీదే. ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద దొరికింది, పెట్టెతో సహా. మామయ్యకి ఇప్పుడు డెబ్భై రెండు. "పనిచేస్తే బాగుండు కదా" అని ఒక్క మాటే అన్నాడు, నాకు అది చాలు.

ముందు నేను చేసిన తప్పు ఇది. తిరుపతిలోనే ఇంకో చోట ఇచ్చాను, పేరు రాయను. వాళ్ళు దగ్గరున్న 9 వోల్టుల అడాప్టర్ ఒకటి తీసి గుచ్చేశారు. స్పెక్ట్రమ్‌కి కావలసింది 9 వోల్టుల డీసీయే కానీ దాని పిన్నులో లోపలిది మైనస్, బయటిది ప్లస్. మనకు బజారులో దొరికే అడాప్టర్లు చాలావరకు దీనికి రివర్స్. కాలిన వాసన వచ్చింది, "మదర్‌బోర్డు పోయిందండీ, ఇంక పనికిరాదు" అని చేతిలో పెట్టేశారు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఆ తర్వాతే ఎవరో చెబితే ఈ షాపుకి వెళ్ళాను. ఆయన దాన్ని చూసి "ఏమ్మా, యాడ దొరికింది ఇది?" అని అడిగి, కూర్చోమని స్టూలు చూపించారు. పెట్టె విప్పాక గంటసేపు మీటర్ పట్టుకుని కొలుస్తూనే ఉన్నారు, కరెంటు మాత్రం ఇవ్వలేదు. నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది అప్పుడే.

ఈ కంప్యూటర్‌లో మెమరీ రెండు ముక్కలు. కింది 16కె ఎనిమిది 4116 చిప్పుల్లో ఉంటుంది, ఒక్కో బిట్టుకి (సున్నా గానీ ఒకటి గానీ పట్టే అతి చిన్న గడి) ఒక్కో చిప్పు. పైన 32కె కోసం ఇంకో ఎనిమిది. ఈ 4116లు చాలా సున్నితమైనవి, వాటికి ఒకటి కాదు మూడు వోల్టేజీలు కావాలి: ప్లస్ 12, ప్లస్ 5, మైనస్ 5. ఆ మైనస్ 5 లేకుండా 12 వోల్టులు తగిలితే చిప్పే కాలిపోతుంది. బోర్డు మీద చిన్న కాయిల్, టీఆర్4 అనే ట్రాన్సిస్టర్ కలిసి వచ్చిన 9 వోల్టుల నుంచే ఈ 12నీ, మైనస్ 5నీ తయారుచేస్తాయి. రివర్స్ పెడితే మొదట పోయేది ఆ ట్రాన్సిస్టరే. అంటే చాలాసార్లు మెమరీ తనంతట తాను చెడిపోదు, దానికి అందాల్సిన కరెంటు అందకో, తప్పుగా అందో చచ్చిపోతుంది. కొత్త చిప్పు వేసినా అసలు కారణం అలాగే ఉంటే అదీ పోతుంది.

నేను అప్పటికే చదువుకుని, పదహారు చిప్పులూ మార్చేద్దాం అన్నా అని పెద్ద ప్లాన్‌తో వెళ్ళాను. ఆయన ఒప్పుకోలేదు. "పదహారూ పీకితే పదహారు చోట్ల ట్రాక్ లేచిపోతాదమ్మా. చెడిందేదో కనుక్కుని దాన్నే పీకల్ల" అన్నారు. ట్రాక్ అంటే బోర్డు మీద కరెంటు పారే సన్నటి రాగి గీత. అలాగే చేశారు కూడా. టీఆర్4 షార్ట్ అయిందని తేల్చి ముందు అదొక్కటి మార్చారు. ప్లస్, మైనస్ సరిగ్గా చూసి కరెంటు ఇచ్చి, 4116 ఒకటో కాలు మీద మైనస్ 5, ఎనిమిదో కాలు మీద 12, తొమ్మిదో కాలు మీద 5 వస్తున్నాయని నాకు మీటర్‌లో చూపించారు. అప్పుడే షాపులో మూల ఉన్న పాత 14 అంగుళాల కలర్ టీవీకి తగిలించారు. యూహెచ్‌ఎఫ్ 36వ ఛానల్ దగ్గర ట్యూన్ చేయాలి, కొత్త టీవీలతో తంటాలు పడేకంటే అలాంటి డబ్బా టీవీ ఒకటి ఉంచుకోవడం మంచిది.

తెర మీద అక్షరాలు రాలేదు, నిలువు గీతలు వచ్చాయి. నాకు గుండె జారింది కానీ ఆయన సంతోషపడ్డారు. ఎందుకో తర్వాత అర్థమైంది. స్పెక్ట్రమ్‌లో తెర మీద కనిపించే బొమ్మ కింది 16కె లోనే ఉంటుంది, మెమరీలో 16384వ చిరునామా నుంచి మొదలై 6912 బైట్లు. ఒక్కో బైటు, అంటే ఎనిమిది బిట్లు, తెర మీద పక్కపక్కన ఎనిమిది చుక్కలు. అందుకని ఆ ఎనిమిది చిప్పుల్లో ఒకటి చెడితే ప్రతి ఎనిమిది చుక్కల్లో ఒకే స్థానంలో తప్పు కనిపిస్తుంది, పైనుంచి కింది దాకా గీతలా. అంటే ఏ చిప్పు చెడిందో తెరే చెబుతుంది. ఎడమ చివరి చుక్క ఐసీ 13 (ఐసీ అంటే చిప్పే, బోర్డు మీద దాని నంబర్ ఇది), దాని పక్కది ఐసీ 12, అలా లెక్కపెట్టుకుంటూ కుడి చివర ఐసీ 6 దాకా. మాది ఎడమ నుంచి మూడో చుక్క, ఐసీ 11. భూతద్దం పట్టుకుని ఇద్దరం లెక్కపెట్టాం. అది మామూలుగా వేడెక్కుతున్న చిప్పు, వేలితో తాకి కనిపెట్టాలని చూస్తే దొరికేది కాదు. మంచి చిప్పును దాని మీద కాళ్ళు కలిసేలా కూర్చోబెట్టి చూడొచ్చు కదా అని అడిగాను, చాలామంది అలా చేస్తారు. అది పనిచేస్తే తప్పు దొరికినట్టే, పనిచేయకపోతే మాత్రం ఏమీ తేలినట్టు కాదన్నారు. చెడిన చిప్పు లైన్‌ను గట్టిగా పట్టుకుని ఉంటే పైన ఎన్ని పెట్టినా వదలదు.

తీసిన తీరు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఐసీని మొత్తంగా ఊడబెరికే ప్రయత్నం చేయలేదు. ముందు కాళ్ళన్నీ కట్టర్‌తో కత్తిరించి పైభాగం తీసేశారు, తర్వాత ఒక్కో కాలికీ కొంచెం కొత్త సోల్డర్ (అతికించే లోహం) తగిలించి, వేడి చేసి, విడివిడిగా లాగారు. బోర్డు మీద ఒక్క ట్రాక్ కూడా లేవలేదు, ఇంటికొచ్చాక నేను లైటు పెట్టి మరీ చూశాను. ఆ స్థానంలో ఐసీ బేస్ వేశారు కాబట్టి మళ్ళీ పోతే చేత్తోనే మార్చుకోవచ్చు. 4116 ఆయన దగ్గరే పాత బోర్డు నుంచి తీసినది ఉంది.

ఆన్ చేస్తే సింక్లెయిర్ కాపీరైట్ లైను వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. పని అయిపోయిందనుకుని డబ్బులు తీయబోతుంటే, "ఉండమ్మా, పైది చూడలే" అన్నారు. ఇంకొకరైతే అక్కడితో అప్పజెప్పేసేవారు, ఎందుకంటే పైన 32కె చెడినా స్పెక్ట్రమ్ ఏమీ అనకుండా 16కె మెషిన్‌లాగా నడుస్తుంది, పెద్ద ప్రోగ్రామ్ ఎక్కించేదాకా తెలియదు. మీ దగ్గర ఉంటే మీరూ చూసుకోవచ్చు: ప్రింట్ పీక్ 23732+256*పీక్ 23733 అని కొట్టండి. 65535 వస్తే మొత్తం 48కె ఉన్నట్టు. మాకు 32767 వచ్చింది.

తర్వాత నేనే మీటల దగ్గర కూర్చున్నాను. 40000వ చిరునామాలో సున్నా పోక్ చేసి (రాసి), మళ్ళీ పీక్ చేస్తే (చదివితే) 16 వచ్చింది. వేరే చిరునామాల్లోనూ అదే 16. సున్నా రాసిన చోట 16 వస్తోందంటే, ఆ విలువ ఉన్న బిట్టు ఎప్పుడూ ఒకటిగానే ఇరుక్కుపోయి ఉందన్నమాట. 1, 2, 4, 8, 16 అని లెక్కేస్తే ఐదోది. పై మెమరీ ఐసీ 15 నుంచి 22 వరకు, ఐదోది ఐసీ 19. ఒక్క బిట్టే తప్పు కాబట్టి చిప్పు మీద అనుమానం. అన్ని బిట్లూ తప్పుగా వస్తే మాత్రం చిప్పుల్ని వదిలేసి, వాటికి చిరునామాలు అందించే ఐసీ 25, 26 వైపు చూడాలని ఆయనే చెప్పారు.

ఇక్కడ పార్టు దొరకడమే కష్టమైంది. పై మెమరీలో అసలు వేసినవి 4532 రకం, అంటే 64కె చిప్పుల్లో సగం చెడినవాటిని 32కె కింద అమ్మేవారు, ధర తగ్గించడానికి సింక్లెయిర్ అవి వాడింది. వాటి బదులు పూర్తి 4164 వేస్తే సరిపోతుంది. నేను ఆన్‌లైన్‌లో పది తెప్పిస్తే ఆరు పనిచేయలేదు, పైన రాత గీకి కొత్తగా అచ్చేసినట్టు స్పష్టంగా తెలుస్తోంది. డబ్బు పోయిందని కాదు, అలాంటివి బోర్డులో పెట్టడానికి భయం వేసింది. చివరికి సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నైలో ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌కి వెళ్ళి, ఎండలో ఏడెనిమిది షాపులు తిరిగి నాలుగు 4164లు తెచ్చాను. అందులో ఒకటి వేశారు, 65535 వచ్చింది.

అప్పుడు కూడా వెంటనే ఇవ్వలేదు. క్లియర్ 32767 కొట్టి, పై మెమరీని పరీక్షకి ఖాళీగా ఉంచి, అక్కడి నుంచి చివరిదాకా ప్రతి చోటా 85, తర్వాత 170 రాసి చదివే చిన్న ప్రోగ్రామ్ బేసిక్ భాషలో నాతో రాయించారు, పక్కపక్క బిట్లు ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉండే అంకెలవి. బేసిక్ కాబట్టి బాగా నెమ్మది. సాయంత్రం దాకా నడిపించారు, ఎందుకంటే చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక తప్పులిచ్చే చిప్పులు ఉంటాయి. ఒక్క తప్పూ రాలేదు.

మంచి మాటలే రాస్తే సరిపోదు. నాలుగు రోజులన్నారు, ఐదు వారాలు పట్టింది. ఫోన్ ఎత్తరు, వెళ్ళి కనుక్కోవాల్సిందే, శని ఆదివారాలు గుడి రద్దీకి ఆ సందులో స్కూటర్ పెట్టడానికి కూడా చోటు ఉండదు, ఉదయం పదకొండుకి ముందు తెరవరు. బిల్లు ఇవ్వరు. మొత్తం 1,400 తీసుకున్నారు, 4116 కూడా అందులోనే. ఆ పనికి ఇంకా ఎక్కువ అడిగినా ఇచ్చేదాన్ని. వెళ్ళేవాళ్ళు అసలు అడాప్టర్ ఉంటే తప్పకుండా తీసుకెళ్ళండి, ఏ ప్లగ్గు పెట్టారో, ఎప్పుడు ఆగిపోయిందో దాచకుండా చెప్పండి. 1984లో మొదలైన, బడుల్లో కంప్యూటర్ నేర్పే క్లాస్ పథకం కింద వచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇంకా ఎక్కడైనా బీరువాల్లో ఉంటే అవి కూడా చూస్తానన్నారు, కాకపోతే వాటి పవర్ సప్లైలో కెపాసిటర్లు మార్చకుండా ఆన్ చేయవద్దని మరీ మరీ చెప్పారు, పాతబడి పొగ చిమ్ముతాయట.

పోయిన ఆదివారం చిత్తూరు తీసుకెళ్ళాను. మామయ్య పాత క్యాసెట్ ఒకటి వెతికి తెచ్చాడు, మూడోసారికి లోడ్ అయింది. మీటల కింద ఉండే ప్లాస్టిక్ పొర పెళుసైపోయి ఒక వరుసలో ఐదు మీటలు పనిచేయడం లేదు. కొత్త పొర తెప్పించాను, బిగించడానికి మాత్రం గంగమ్మ జాతర అయ్యాక రమ్మన్నారు, అప్పటిదాకా షాపు తెరవరట.